పిలుపుబండ

జోజమ్మ చావు జోజమ్మే కొని తెచ్చుకుందని మా పక్కింటి నాగేంద్రమ్మ అన్నదట. ఆ మాట మా అమ్మ మోసుకొచ్చి నాకు చెప్పింది.

"చెవిటిది కదంట్రా! మూడుసార్లు కేకేశారంట. వినపడక కొండ మీదే ఉండిపోయిందంట."

నాగేంద్రమ్మకి వాళ్ళాయన చెప్పాడట. ఆయనకి కొండరాయి కాంట్రాక్టరు దశరథరామయ్య లారీ డ్రైవరు చెప్పాడట. అంటే అబద్ధం కూడా రాయితో పాటు లారీ ఎక్కి ఊళ్ళోకి దిగిందన్నమాట.

జోజమ్మ చెవిటిది కాదు. చర్చిలో ఎవరి గొంతు తప్పినా చాప మీద నుంచే తల తిప్పి చూసేది. ఆమెను దుప్పట్లో వేసి కొండ దించిన నలుగురిలో నేనొకణ్ణి. తలలో కుడిసగం లేదు. బుట్టలో సీతాఫలాలు మాత్రం ఒక్కటీ చితకలేదు. కళ్ళు విచ్చిన కాయలు, మర్నాడు తిరువూరు బస్టాండులో అమ్మాల్సినవి.

తేనెబోడు నున్నటి కొండ కాదు. ఎవరో బండలు మోసుకుపోతూ అలుపు తీర్చుకోడానికి దించి, మళ్ళీ ఎత్తుకోవటం మరిచిపోయినట్టుంటుంది. నెర్రెల్లో తేనెపట్లు, కింద సీతాఫలం పొదలు. నడి వేసవిలోనూ ఒక సందులో నీటి చెమ్మ. చెప్పులతో ఎక్కేవాణ్ణి జార్చేస్తుంది, ఉత్తకాళ్ళని పట్టుకుంటుంది. అందుకే అది చెప్పుల్లేనివాళ్ళ కొండ అయింది. సెంటు భూమి లేని మా పేటకి పొలమూ అదే, పుల్లలమోపూ అదే. నడినెత్తిన పిలుపుబండ. దాని మీద నిలబడి పిలిస్తే కొండ మూడు పక్కలా ఆ పిలుపుని తిరిగి అంటుంది.

సాగరు కాలువకి రాయి కావాలని రెండేళ్ళ కిందట, డెబ్బై ఒకటిలో, దశరథరామయ్య ఆ కొండ కాంట్రాక్టు పట్టాడు. బండకి బెజ్జాలు వేసి, మందు దట్టించి, వత్తి అంటించేది ఏడుకొండలు. అంటించేముందు పిలుపుబండ ఎక్కి ఎర్రగుడ్డ ఊపుతూ "మందో... మందు!" అని కేకేసేది యేసుదాసు. కొండ మీద ఉన్నవాళ్ళు "దిగొస్తన్నా!" అని బదులివ్వాలి. అందరూ దిగాక మళ్ళీ కేక, మళ్ళీ కేక. మూడో కేకకి బదులు రాకపోతేనే వత్తి అంటుకునేది. ఆ కట్టుబాటు ఎవరూ రాయలేదు. మా పేట ఆడవాళ్ళు, రాయికొట్టే మగవాళ్ళు కలిసి పెట్టుకున్నది.

దశరథరామయ్యకి అది పడలేదు. "మీ ఆడోళ్ళు కాయలు కోసుకు దిగిందాకా నా లారీలు పడిగాపులు పడాలంట్రా?" అని యేసుదాసు చేతికి సుత్తి ఇచ్చి కంకరకి తోలాడు. అది జరిగిన మూడో రోజే జోజమ్మ కొండెక్కింది. కేక లేదు కాబట్టి మందు లేదనుకుంది. కొండెక్కే పాతికమంది ఆడవాళ్ళలో ఎవరున్నా అదే అనుకునేవాళ్ళు.

శవాన్ని పూడ్చిన సాయంత్రం చర్చి వసారాలో పేటంతా కూడింది. ఆర్.డి.ఓ. గారికి అర్జీ రాశాను, చదివాను. జోజమ్మ అక్క అంతోనమ్మ విన్నంతసేపు విని, "బాగానే రాశావయ్యా. కాయితం మీద కేక వినపడుద్దా?" అంది.

"మరేం చేద్దాం పెద్దమ్మా?"

"నన్నడుగుతావేంటి? అదుగో, మూల నక్కాడే, వాణ్ణడుగు."

యేసుదాసు మోకాళ్ళ మధ్య నుంచి తలెత్తలేదు. "రేపు ఎంక్వైరీకి ఆఫీసరొస్తాడంట. మూడుసార్లు కేకేశానని చెప్పమన్నాడు దశరథరామయ్య. చెబితే కేక పని మళ్ళీ ఇస్తాడంట. చెప్పకపోతే నన్నే జైల్లో పెట్టిస్తాడంట. ముగ్గురు పిల్లల తండ్రిని, ఏం చెయ్యమంటావు వదినా?"

"మా చెల్లికి నలుగురు," అంది అంతోనమ్మ.

ఏడుకొండలు మా పేటవాడు కాదు, ఊళ్ళోవాడు. గుమ్మం బయట నిలబడి విన్నవాడు అప్పుడు లోపలికొచ్చి చాప మీద కూలబడ్డాడు.

"వత్తి అంటించింది ఈ చెయ్యే. కేకేదండీ అనడిగా. 'కేక కావాలా, కూలి కావాలా' అన్నాడు. నేను కూలి కావాలన్నా."

ఎవరో "లంజాకొడకా!" అని మీదికి దూకారు. గుద్దులు పడ్డాయి. ఏడుకొండలు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అంతోనమ్మే విడదీసింది. "వీణ్ణి చంపితే వాడు ఇంకోణ్ణి పెట్టుకుంటాడు. కూర్చోండెహె!" ఆ పూట తేలింది ఒక్కటే. కేక పేటదే, అది మళ్ళీ పేటే వెయ్యాలి. అంతదాకా కొండ మీద వత్తి అంటుకోకూడదు.

మర్నాడు కొండ మీదికి ఆఫీసరు వచ్చాడు. వెనక దశరథరామయ్య, ఎస్సై. కింద మూడొందల మందిమి.

"కేకేశావా?" అని యేసుదాసుని అడిగాడు ఆఫీసరు.

"ఏశాడండీ, మూడుసార్లు," అన్నాడు దశరథరామయ్య.

"అతన్ని చెప్పనీండి. ఏదోయ్, ఆ రోజు ఎలా అరిచావో ఒకసారి అరిచి చూపించు."

యేసుదాసు పిలుపుబండ ఎక్కాడు. ఎర్రగుడ్డ లేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, నోరు గట్టిగా మూసుకు నిలబడ్డాడు. తేనెటీగల రొద వినపడింది. కింద ఎవరి చంకలోనో బిడ్డ దగ్గింది.

"ఏంటయ్యా, అరవ్వేం?"

"అరిచానండి. ఆ రోజు నేనేసిన కేక ఇదేనండి."

కొండ కింద మూడొందల గొంతులు ఒక్కసారి లేచాయి. ఆఫీసరు ఏదో రాసుకుని, చూస్తామని జీపెక్కాడు. జీపు దుమ్ము తగ్గకముందే దశరథరామయ్య మనుషులు యేసుదాసుని కంకర షెడ్డులోకి ఈడ్చారు. మేం తలుపు విరగ్గొట్టుకుని వెళ్ళేసరికి సుత్తి కర్రతో దవడ చితగ్గొట్టి పోయారు. మాట వచ్చే చోటు చూసి కొట్టారు. బెజవాడ తీసుకుపోతుంటే విస్సన్నపేట దాటాక బస్సులోనే, అంతోనమ్మ ఒళ్ళో పోయాడు. కేకేసేవాడు పోయాడు, ఇంక కొండ నోరు మూసుకుంటుందనుకున్నాడు దశరథరామయ్య.

మూడో రోజు పొద్దున పది గంటలకి అతను మళ్ళీ వచ్చాడు. నలభై మంది కర్రలవాళ్ళు, రెండు వ్యాన్ల పోలీసులు, విస్సన్నపేట నుంచి కొత్తగా తెచ్చిన మందువాడు. కొండ మొదట్లో అడ్డం కూర్చున్నాం. ఎస్సై లెక్క పెట్టలేదు, హెచ్చరించలేదు. లాఠీలు దిగాయి. ఆడవాళ్ళ వేళ్ళు విరిగాయి. నా కనుబొమ్మ పగిలి ఒక కన్ను నెత్తుట్లో మూసుకుపోయింది. ఉత్తకాళ్ళవాళ్ళం కొండెక్కి బండల సందుల్లో దూరాం. బూట్లవాళ్ళు జారుతూ వెనక ఎక్కారు. సగం కొండ దాకా వచ్చారు. మా వాళ్ళు దొర్లించిన రాయికి ఒకడి మోకాలు నుజ్జయింది. వాడి అరుపు ఆగకముందే పిలుపుబండ మీద ఎర్రరంగు లేచింది. యేసుదాసు గుడ్డే అది.

"మందో... మందు!"

అంతోనమ్మ గొంతు. కొండ మూడు పక్కలా అందుకుంది. ఆ వెంటనే తూర్పు సందులోంచి ఇంకో గొంతు, పడమర పొదల్లోంచి ఇంకొకటి, మా కాళ్ళ కింద నెర్రెలోంచి ఇంకొకటి. ఏది మనిషి కేకో, ఏది కొండ కేకో తెలియలేదు. తేనెపట్లు లేచాయి.

రెండేళ్ళుగా ఆ కొండ మీద పని చేస్తూ ఆ కేకకి బతికినవాళ్ళే ఆ కర్రలవాళ్ళంతా. మొదటి కేకకి ఆగారు. రెండో కేకకి కర్రలు పారేశారు. మూడో కేకకి ఒకరి మీద ఒకరు పడి దొర్లుతూ పరుగెత్తారు. ఒకడు బండ మీంచి జారి తల పగిలి లేవలేదు. వాళ్ళని చూసి పోలీసులూ పరుగెత్తారు. ఎస్సై టోపీ సీతాఫలం కొమ్మకి వేలాడింది.

దశరథరామయ్య పరుగెత్తలేకపోయాడు. జోజమ్మ పడినచోటే, ఒక బండ చాటున బోర్లా పడుకుని చెవులు మూసుకున్నాడు. పేలుడు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. మెల్లగా తలెత్తి చూస్తే బండల మీద మేమంతా నిలబడి ఉన్నాం. మా మధ్యలో ఏడుకొండలు. పేటవాళ్ళు గుద్దిన ముఖం ఇంకా వాచే ఉంది. పేలుడు మందు దాచే కొట్టు తాళంచెవి మొలతాడుకి వేలాడుతోంది.

దశరథరామయ్యకి ధైర్యం వచ్చింది. లేచి పంచె దులుపుకున్నాడు.

"నాటకాలాడతన్నారటే! పెట్టని మందుకి కేకలేంటే మీకు?"

అంతోనమ్మ ఎర్రగుడ్డ భుజాన వేసుకుంది.

"పెట్టలేదని నీకెవరు చెప్పారు?"