విడిగా పెట్టిన సిపాయిలు

పురుగుల మీద పరిశోధన చేసే ఆవిడని వీధిలో అందరూ చెదల మేడమ్ అంటారు. వారం రోజులు అక్క దగ్గర ఉండి వచ్చిన మేడమ్, భుజాన సంచీ అయినా దించకుండా వంటింటి గట్టు మీది పెట్టె దగ్గరికి పరిగెత్తింది. ల్యాబ్‌కి రంగులు వేస్తున్నారని ఇంటికి తెచ్చుకున్న చెదల పెట్టె అది. రేపు అందులోని కాపలా కాసే సిపాయి చెదల జిగురు తీసి పరీక్షించకపోతే ఏడాది పని బూడిదలో పోసిన పన్నీరే.

పెట్టెలో ఒక్క సిపాయీ లేదు.

"కంగారు పడకు, వేరే గిన్నెలో ఉన్నాయి," అన్నాడు మొగుడు లెక్కల మాస్టారు, గర్వంగా. "కూలి చెదల తొక్కిసలాటలో పాపం వాటికి తిండి అందట్లేదని విడిగా పెట్టాను. మెత్తటి చెక్క కూడా వేశాను."

గిన్నెలో చెక్క చెక్కుచెదరలేదు. దాని చుట్టూ సిపాయిలు కాళ్ళు ముడుచుకుని పడి ఉన్నాయి. ఏవో నాలుగైదు మాత్రం మీసాలు కదుపుతున్నాయి.

"మహానుభావా!" మేడమ్ తల బాదుకుంది. "నమలడానికి వాటికి దవడలేవీ? తలంతా జిగురు తిత్తి, ముందుకో గొట్టం. చీమలొస్తే చిమ్మడం తప్ప ఇంకేం చేతకాదు. కూలీలు నమిలి నోటికందిస్తేనే తిండి!"

"ఆ ముక్క ముందే చెప్పచ్చుగా?"

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా? ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఒక్కటి చెవినేసుకుంటే ఒట్టు! మీతో వేగలేక చస్తున్నాను."

మాస్టారు చెక్కపొడిని నీళ్ళలో మెత్తగా కలిపి, కుంచె కొసతో ఒక సిపాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. అది ఓపిక లేకపోయినా తలెత్తి జిగురు చిమ్మింది. సన్నటి దారంలా వచ్చి అతని బొటనవేలికి అంటుకుంది.

"పెట్టబోతే నన్నే కొడుతుందేమిటే?"

"దానికి కళ్ళు కూడా లేవు. వచ్చింది చీమో, తిండి పెట్టేవాళ్ళో చూడదు. దగ్గరికొస్తే కొట్టడమే."

అన్నాక ఆ మాట ఆవిడకే తగిలింది. మిగిలిన సిపాయిల్ని మెల్లగా కూలీల మధ్యకి మార్చింది. ఒక కూలి వచ్చి సిపాయి నోటికి నోరు ఆనించింది. ఇవి బతికినా రేపటి పరీక్షకి చాలవు. కోపం ఇంకా మండుతూనే ఉంది.

మాస్టారు వేలిని చొక్కాకి తుడుచుకోబోయాడు.

"గుడ్డకంటితే పోదు," అంటూ ఆవిడ దూదిని స్పిరిట్‌లో ముంచింది. "చెయ్యి ఇలా ఇవ్వండి."

అతను ఇచ్చాడు, కాస్త భయపడుతూనే.