తకు దీర్ఘమిస్తే

నా బిడ్డ చిలుకమ్మ ఒకటో తరగతిలో రెండో ఏడు కూర్చుంది. మూడో ఏడు కూర్చోబెట్టనని వీరభద్రం సారు కబురు పంపాడు. శుక్రవారం పరీక్ష. వాచకంలో ఒక పేజీ తప్పులేకుండా చదివితే రెండో తరగతి. చదవకపోతే బడి బంద్, నాతో మిరప చేనుకు. ఆ చివరి మాట సారుది కాదు, నాది.

నేను మా ఊరి బడిలోనే నాలుగు దాకా చదివాను. నర్సంపేట రోడ్డు మీది ఆ చిన్న ఊళ్లో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. కట్టయ్య చదివితే తిరుగు లేదనేవారు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

సోమవారం సారు నన్ను బడికి పిలిచి గుమ్మం దగ్గర కూర్చోమన్నాడు. పిల్లలు నేల మీద వరసగా కూర్చుని గొంతెత్తి పాడుతున్నారు. తకు తలకట్టిస్తే త, తకు దీర్ఘమిస్తే తా, తకు గుడిస్తే తి. అందరితో పాటు చిలుకమ్మ నోరూ ఆడుతోంది, తప్పేమీ లేదు. సారు బోర్డు మీద 'తాత' అని రాసి, చదవమని చిలుకమ్మను లేపాడు.

"టాట" అంది.

పిల్లలు నవ్వారు. వెనక నుంచి ఒక పిల్ల బస్సెక్కినట్టు చెయ్యూపి, "టాటా చిలుకా, టాటా" అంది. మళ్లీ నవ్వారు.

'తల' రాస్తే టల అంది. 'తేలు' రాస్తే టేలు అంది. సారు బోర్డు తుడిచేసి, మీ నాయిన నాయినను ఏమంటావని అడిగాడు. తాత అని శుభ్రంగా చెప్పింది.

సారు నా దగ్గరికి వచ్చాడు. "నోరు తిరగక కాదు కట్టయ్యా. నోట్ల త ఉన్నది, కంటికే లేదు. ఇంట్ల ఎవలన్న తప్పు నేర్పిన్రా?"

దీని తల్లి యాదవ్వ పోయి రెండేళ్లయింది, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరని చెప్పాను.

మంగళవారం చేను మానుకుని పలక మీద వంద త లు రాయించాను. ముత్యాల్లా రాసింది. ఇదేందంటే ట అంది. బుధవారం ఇసుక పోసి వేలితో దిద్దించాను. వేలు ఎర్రబడింది కానీ అక్షరం మారలేదు. గురువారం చింతబరికె తీశాను. రెండు అరచేతుల మీదా కొట్టాను. ఏడవలేదు. తప్పు చెబుతున్నది నేనే అన్నట్టు నా మొహంలోకి చూసింది. ఆ చూపుకి ఇంకో దెబ్బ వేశాను.

పొద్దు వాలుతోంది. తెల్లవారితే పరీక్ష. నాకు దిక్కు తోచలేదు. బరికె పారేసి, దీన్ని ట అని నీకెవరు చెప్పారని అడిగాను.

"నువ్వే బాపు."

ఎప్పుడన్నానని అడిగాను.

"సీస మీద. అవ్వకు మందు తాపిన నాడు. నా ఏలు వట్టి సదివిపిచ్చినవ్ గద. పూ, ట, కు."

యాదవ్వకు మోకాళ్లు వాచి నడక పోయింది. హనుమకొండలో ఒక డాక్టరు రెండు సీసాలిచ్చాడు. కాంపౌండర్ చేత్తో రాసి కాగితం ముక్కలు అతికించాడు. ఒకదాని మీద 'పూటకు రెండు చెంచాలు'. చిలుకమ్మ నేనూ చదువుతానని ఒళ్లోకి ఎక్కింది. దాని వేలు పట్టుకుని రెండో సీసా కాగితం మీద పెట్టాను. అదీ పూ తోనే మొదలైంది. మిగతాది చూడనక్కర లేదనుకున్నాను. పూటకు, అని చదివించాను. గోడకు ఆనుకుని కూర్చున్న యాదవ్వ నవ్వి, బాపు లెక్కనే సదువుతవ్ బిడ్డా అంది. అదీ రెండు చెంచాలు పోశాను.

వరంగల్ దవాఖానకు చేరేసరికే ఆమెకు స్పృహ లేదు. అక్కడి డాక్టరు సీసా వాసన చూసి, మోకాళ్లకు పూసే మందు తాగించిందెవరని అడిగాడు. కాంపౌండర్ తప్పు రాశాడన్నాను. ఊళ్లోనూ అదే చెప్పాను. చదువుకున్నవాణ్ణి కదా, నమ్మారు. నా బావమరిది రాజమల్లు బస్సెక్కి పోయి ఆ కాంపౌండర్ చెంపలు వాయించి వచ్చాడు. నేను వద్దనలేదు.

సీసా దూలం సందులో ఉంది. పారేస్తే భయపడ్డట్టవుతుందని పారేయలేదు. ఆ కాగితం మీద త గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. సారు బోర్డు మీద కూడా అంత స్పష్టంగా రాయడు.

పొయ్యి మీద అన్నం ఉడికేదాకా కూర్చున్నాను. దీనికి త రాకపోతే బతుకంతా మిరప చేనే, యాదవ్వ చావు కాంపౌండర్ మీదే ఉంటుంది. త వస్తే ఆ సీసా మీది మాట దానికి ఎప్పుడో ఒకప్పుడు అర్థమవుతుంది. అన్నం మాడింది. లేచి దూలం సందులో చెయ్యి పెట్టాను.

గుమ్మం దగ్గర ఇంకా వెలుతురుంది. సీసా దాని చేతికిచ్చాను.

"ఇది ట కాదు. త. నేనే తప్పు సదివిన."

వేలు పెట్టింది. "పూ... త... కు." ఇంకోసారి చదివింది. చాలాసేపు కాగితం వంకే చూసింది.

"అంటే కాళ్లకు రాసేదా బాపు?"

"ఔ."

"తాపేది కాదా?"

"కాదు."

సీసా నేల మీద పెట్టింది. వేలు గౌనుకు తుడుచుకుంది. మాడిన అన్నం ఇద్దరం తిన్నాం.

శుక్రవారం పేజీ అంతా చదివింది. తాత, తల, తేలు. ఎవరూ నవ్వలేదు. సారు దాన్ని రెండో తరగతి వరసలో కూర్చోబెట్టి, మూడు రోజుల్లో ఎట్లా నేర్పావని నన్ను అడిగాడు. బరికెతో అన్నాను.

ఇప్పుడు ఏడో తరగతి. పోస్టుమ్యాన్ వస్తే ఉత్తరం తనే అందుకుంటుంది. ఎరువు సంచీ మీది రాతయినా తనే చదువుతుంది. నాకు జ్వరం వస్తే మందు సీసా మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం బయటికి పలుకుతూ, రెండుసార్లు చదివి అప్పుడు పోస్తుంది. కళ్లు కనిపిస్తున్నాయి కదా అని నేను చెయ్యి చాపుతాను.

"నువ్వుండు బాపు" అంటుంది.