ఎనిమిది చుట్లు

మెకానిక్ ఇశ్రాయేలు నాలుగో బోల్టును కూడా వేళ్లతోనే తిప్పి చూశాడు. ఒకటి, రెండు, మూడు. అక్కడికి బిగుసుకుంది. మళ్ళీ విప్పి తీసేశాడు.

"మూడు చుట్లే పడుతున్నయ్యండీ. చాలవు."

రామకోటేశ్వరరావు మిషను దొరల దగ్గర కొన్న పాత సీమకారు అది. బజారులో దొరికిన లావు టైర్లు వేయిస్తే వెనక చక్రాలు లోపల రాసుకుంటున్నాయి. అందుకని ఒక్కో చక్రం వెనక అరంగుళం మందం ఇనపపలక పెట్టించి బయటికి జరిపించడానికి వచ్చాడు. పొద్దున్నే పిల్లలతో బందరు ప్రయాణం.

"కంపెనీ బోల్టులయ్యా అవి. వాటికేం?"

"కంపెనీ వాడు పలక ఉందనుకోలేదు గదండీ. పలక లేకపోతే ఎనిమిది చుట్లు. మిగతా అయిదూ ఈ పలక మింగేసింది."

"దారిలో ఊడదు కదా ఇశ్రాయేలూ?" శివపార్వతి అలా అడగడం మూడోసారి.

"మా ఆవిడంతే. పెళ్ళిచూపులనాడు నేను కూర్చోకముందే కుర్చీ కాళ్ళు ఊపి చూసింది," అన్నాడు భర్త.

ఇశ్రాయేలు నవ్వలేదు. పదిహేనేళ్ళ కిందట కరకట్ట మీద అతను బిగించిన లారీ చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా ఆ నాటి నుంచి చుట్లు లెక్కపెట్టకుండా అతను ఒక్క బోల్టు బిగించలేదు. బోల్టులు వేళ్ళతో తిప్పీ తిప్పీ కుడి బొటనవేలి గోరు నల్లగా, వంకరగా ఉండిపోయింది. ఇంట్లో భార్య మార్త అన్నం వడ్డిస్తుంటే కూడా వేళ్ళు గాలిలో తిరుగుతూనే ఉండేవి.

పక్క లేతు షెడ్డులో జక్కయ్య చేత అరంగుళం పొడుగైన బోల్టులు ఎనిమిది, తల కింది ఏటవాలు అచ్చం పాతవాటిలాగే ఉండేట్టు చేయించాడు. అవి తయారయ్యేలోగా పలక కూర్చునే చోట తుప్పంతా గీకి తుడిచాడు. మార్త పంపిన క్యారేజీ సగమే తిన్నాడు.

"ఎడం చెయ్యి లాగుతుందిరా జక్కా," అన్నాడు, బోల్టులు అందుకుంటూ.

"డాక్టరు దగ్గరికి పో."

"సోడా తాగితే పోద్దిలే. ఈ బండి అయిపోనీ."

చక్రం ఎక్కించి శివపార్వతిని పిలిచాడు. "మీరే లెక్కపెట్టండమ్మా."

ఆమె చీరకొంగు బిగించి వంగింది. ఎనిమిది దాకా లెక్కపెట్టి, మొదటిసారి ఊపిరి వదిలింది. అతను రెండు చక్రాల బోల్టులనూ ఎదురెదురుగా బిగించి, కారును నేల మీదికి దించి మళ్ళీ బిగించాడు.

"గన్నవరం దాకా నెమ్మదిగా పోయి రండి. ఇనుము సర్దుకుంటది. వచ్చాక ఇంకోసారి బిగించాలి. అప్పటిదాకా నేను ఇంటికి పోను. ఇక్కడికి రాకుండా మాత్రం బందరు పోబాకండి."

ఆ రోజుల్లో ఆటోనగర్ దాటితే అన్నీ వరిచేలే. కారు తిరిగి వచ్చేసరికి ఎండ చల్లబడింది. ఇశ్రాయేలు స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పానా ఉంది. నిద్రపోతున్నాడనుకుని శివపార్వతి నెమ్మదిగా పిలిచింది. రెండోసారి పిలిచాక జక్కయ్య వచ్చి చెయ్యి పట్టుకు చూసి, తన తలకున్న తువ్వాలు తీసేశాడు.

అతన్ని రిక్షాలో ఇంటికి తీసుకుపోయాక కూడా శివపార్వతి కారెక్కలేదు. పానా తీసుకుని చక్రం దగ్గర కూర్చుంది. రామకోటేశ్వరరావు ఆమె చేతిలోంచి పానా అందుకుని బిగించాడు. ఒక్కో బోల్టు పావుచుట్టు చొప్పున కదిలింది. ఆమె ఎనిమిదింటినీ పైకే లెక్కపెట్టింది.

స్టూలు కింద పాలడబ్బాలో తీసేసిన పాత బోల్టులు, గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. డబ్బా మీద వంకర అక్షరాలతో సుద్ద రాత: 'అమ్మగారివి. పలకలు తీసిననాడు పొడుగువి లోపల తగుల్తయ్, ఇవే వెయ్యాలి.'