పొడి కదలని ఊపిరి

నాలుకను అంగిటికి ఆనించి, బొటనవేళ్ళను పిడికిళ్ళలో దాచుకుని, లింగప్ప కళ్ళు సగం మూశాడు. మడిచిన గోనెపట్టా మీద కూర్చున్నాడు. వెనక గోడ ఉంది కానీ దానికి ఆనుకోకూడదు. ఆనుకోకూడదని అనుకున్న క్షణం నుంచీ వీపంతా ఆ గోడను గురించే ఆలోచిస్తోంది.

ఊపిరి లోపలికి తీశాడు. అది ముక్కులోంచి గొంతు దిగి, ఛాతీ ఎముక వెనక ఎక్కడో తట్టుకుని నిలిచిపోయింది. బొడ్డుకు మూడు వేళ్ళ కింద ఒక చోటు ఉంది. ఊపిరి వెళ్ళి అక్కడ కూర్చుంటే రొమ్ము పాడైన మనిషి కూడా బతకగలడు. అది అతని నమ్మకం. దారిలో మాత్రం ఏదో పేరుకుని ఉంది. ఊపిరి వదిలాడు. పిల్లికూత సన్నగా మొదలై, చివర్లో రెండు గొంతులుగా చీలింది.

అప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఊపిరి తీసుకున్నప్పుడు పొట్ట ముందుకు రావాలా, వెనక్కి పోవాలా?

వంటింట్లో చప్పుడు లేదు. అతను కూర్చున్నంతసేపు భార్య అంజనమ్మ మునివేళ్ళ మీద నడుస్తుంది, గిన్నెను చీరకొంగు మీద దించుతుంది. ఆ నిశ్శబ్దమే అతన్ని కుదురుగా ఉండనివ్వదు. వయసంతా గ్రానైటు ఫ్యాక్టరీలో గడిపిన ఒంటికి చప్పుడు ఆగడమంటే ఒకటే అర్థం. ఎక్కడో బ్లేడు విరిగింది, లేదా బెల్టు తెగింది, లేదా ఎవరి చెయ్యో లోపల పడింది. చప్పుడు ఆగితే పరుగెత్తాలి. ఇప్పుడూ తొడ కండరం బిగుసుకుంది. ఆగిపోయిన యంత్రం కోసం మనసు ఇల్లంతా వెతికింది. దొరక్కపోయేసరికి పెరట్లోకి వెళ్ళింది, టమాటా తోటలోని మోటారు దాకా వెళ్ళింది, హోసూరు హాస్టల్లో ఉండి కంపెనీ పనికి పోయే కూతురు వినుత దాకా వెళ్ళింది. కళ్ళు తెరిచాడు.

"అయిందా?" అంజనమ్మ తలుపు చాటునుంచి గుసగుసగా అడిగింది.

"యాడిది? కాలేదు."

"మళ్ళ లేసినావే?"

"బస్సు వచ్చేస్తాది." బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బేరిగై నుంచి శూళగిరికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లింగప్ప చొక్కా కింద చెయ్యి దూర్చి పొట్టను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి చేసి చూశాడు. పక్కన కూర్చున్న పూలగంప ఆమె కొంచెం అవతలికి జరిగింది.

ఆ కూర్చోవడం అతనికి నేర్పింది లిన్. రాయి కొనడానికి చైనా నుంచి వచ్చే ముసలాయన. పనివాళ్ళు చైనా తాత అనేవాళ్ళు. ఏడాదికోసారి వచ్చి, యార్డులో నిలబెట్టిన పెద్ద పెద్ద బండల చుట్టూ తిరిగి, నీళ్ళు చల్లి, పగుళ్ళు వెతికి, నచ్చిన బండ మీద ఎర్రరంగుతో గుర్తు వేసేవాడు. పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఒక బండ నీడలో కాళ్ళు మడుచుకుని కూర్చునేవాడు. తమ ఊరి కొండమీద తావో సాములు ఒంటి బాగు కోసం చేసే పద్ధతి అది అని, వెంట వచ్చిన దుబాసీ ఒకసారి తమిళంలో చెప్పాడు. మిగిలినదంతా చేతి సైగలే. లిన్ తన బొటనవేలి గోటి మీద చిటికెడు రాతిపొడి పెట్టుకుని, దాన్ని ముక్కు కిందికి తెచ్చి, అలాగే చాలాసేపు ఉండిపోయాడు. పొడి కదల్లేదు. తర్వాత లింగప్ప గోటి మీద పెట్టాడు. ఒక్క ఊపిరికే ఎగిరిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మంచి ఊపిరి సొంత చెవికి కూడా వినపడకూడదని, లిన్ చెవి మూసి, వేలు అడ్డంగా ఊపి చూపించాడు. నోట్లో ఊరిన ఎంగిలి ఉమ్మకుండా మింగాలని గొంతు చూపించాడు. దినమంతా దుమ్ము ఉమ్ముకుంటూ బతికే మనుషులకు ఆ మాట భలే నవ్వొచ్చింది.

"మనం మింగితే కడుపులో సిమెంటు రోడ్డే పడిపోతాది," అన్నాడు పక్క మిషను రామచంద్రప్ప.

ఇంకొకటి కూడా చూపించాడు. ఎవరో గునపం జారవిడిచిన పొద్దున, కూర్చుని ఉన్న లిన్ ఉలిక్కిపడి లేచి, ఆ రోజంతా చేతులు వణుకుతూ తిరిగాడు. సాయంత్రం లింగప్పను పిలిచి, మంటతో కాల్చిన రాతి మీద నీళ్ళు పోసి, అది చిటపటమని పెచ్చులూడటం చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కూర్చున్నవాణ్ణి పిలవకూడదు, తట్టకూడదు. అది లింగప్పకు అర్థమైంది. ఇంట్లో చెప్పాడు.

ఆ తర్వాత లిన్ రావడం మానేశాడు. జబ్బుల కాలంలో దారులు మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాక వేరే మనుషులు వచ్చారు. లింగప్ప రొమ్ములో కూతలు మొదలైంది అప్పుడే. కృష్ణగిరిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో, దుమ్ములోకి పోవద్దు అన్నాడు. అంజనమ్మకు మాత్రం లింగప్ప, సలి పట్టింది, ఉత్త జలుబే అని చెప్పాడు. ఆ రోజు బస్సులో వస్తూ వస్తూ గోనెపట్టా వేసుకుని కూర్చోవాలని నిర్ణయించుకున్నాడు.

అప్పటినుంచీ దినామూ కూర్చుంటూనే ఉన్నాడు. ఫ్యాక్టరీ మాత్రం మానలేదు.

"రాప్పా చైనా సామీ!" రామచంద్రప్ప గేటు లోపలినుంచే అరిచాడు. "ఈ పొద్దు ఊపిరి యాడిదాకా పోయినాది?"

"మోకాళ్ళ దాకా."

"రేపు పాదాల్లోకి దిగితే చెప్పు. సెప్పులు కొనిస్తా."

పాలిషు మిషనుకు నీళ్ళు పారుతాయి కనుక దుమ్ము తక్కువ. ఆ రోజు అంచులు తీసే పని పడింది. అంచులకు చేతి గ్రైండరు, పొడిపని. ఏదో అపార్టుమెంటు వంటగదులకు నల్లరాతి పలకలు. లింగప్ప ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వంగాడు. గ్రైండరు రాతిని తాకగానే తెల్లటి పొగ లేచి, నల్లరాయి లోపల అంత తెలుపు ఉంటుందని ఎవరూ నమ్మలేనంతగా, అతని ముంజేతుల మీద, కనుబొమల మీద వాలింది. ఆ హోరులో అతనికి హాయిగా ఉంది. ఇక్కడ మనసు ఎక్కడికీ పోదు. వేళ్ళకు అంచు తెలుసు. ఇక్కడ కుదిరే కుదురు గోనెపట్టా మీద ఎందుకు కుదరదు? ఆ ఆలోచన రాగానే చెయ్యి తన సంగతి తాను గమనించుకుంది, ఊపిరి కూడా గమనించుకుంది. ముందుకా, వెనక్కా?

దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు. ఆపిన దగ్గు పక్కటెముకల మీద కొట్టి ఒళ్ళంతా కుదిపింది. గ్రైండరు జారి పలక మూలలో పెచ్చు లేచిపోయింది.

తిలక్ వచ్చేసరికి లింగప్ప పలక మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్నాడు. తిలక్ మేనేజరు. చిన్నవాడు, మంచివాడు. పలక వంక చూడలేదు. అందుకే లింగప్పకు భయం వేసింది.

"లింగప్పన్నా, సోమవారం నుంచి నువ్వు గేటు కాడ కూచో. మిషను వద్దు."

"గేటు కాడ గుర్రప్ప కూచున్నాడు కదప్పా."

గుర్రప్ప కూడా అంచుల పనివాడే. రొమ్ము పోయాక గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఏడాది రాగికోతలు చూడకుండానే పోయాడు. అప్పటినుంచీ ఆ కుర్చీ ఖాళీ. వానకు తడుస్తుంది, ఎండకు ఎండుతుంది. దాన్నెవరూ లోపలికి జరపరు, అందులో ఎవరూ కూర్చోరు.

"ఈ సలికాలం పొయ్యేదాకా చూడప్పా," అన్నాడు లింగప్ప. "నేను నేర్చుకుంటాండాను. దినామూ చేస్తాండాను. కొంచెంలో ఉండాది. ఒకటే ఒకటి తెలిస్తే చాలు..."

"ఏం నేర్చుకుంటాండావు అన్నా?"

లింగప్ప చెప్పబోయాడు. పొట్ట, ఊపిరి, ముందుకు, వెనక్కి. చేతిలో గ్రైండరు, కనుబొమల మీద రాతిపొడి. ఆ మాటలు ఇక్కడ ఎలా ఉంటాయో అతనికే వినపడింది.

"ఏం లేదులే. గేటు కాడ పనేంది?"

"పనేముంది, కూచోడమే. బండి వస్తే తలుపు తియ్యి. ఈ పొద్దు ఇంటికి పో. రెస్టు తీసుకో."

"ఊరికే కూచునేదానికి జీతం!" అన్నాడు రామచంద్రప్ప, అందరూ వినేలా. "సామికి దేవుడు కన్ను తెరిచినాడు." అని, నవ్వు మధ్యలో ఆపేసి, తన మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

లింగప్ప గేటు వైపు పోకుండా యార్డు వెనకనుంచి నడిచాడు. లిన్ కూర్చునే చోట ఇప్పుడు వేరే బండ ఉంది. నీడ మాత్రం ఆ వైపే పడుతుంది. అందులో నిలబడి, బొటనవేలి గోటి మీద చిటికెడు పొడి పెట్టుకున్నాడు. ముక్కు కిందికి తెచ్చాడు. ఎగిరిపోయింది. ఇంకో చిటికెడు. ఎగిరిపోయింది.

చివరిసారి వచ్చినప్పుడు లిన్ అతని చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. చూడు, ఇలా, అని. లింగప్ప అరచెయ్యి నిండా కాయలు. చొక్కా కింద వెచ్చదనం తప్ప అతనికి ఏమీ తెలియలేదు. ముందుకు వస్తోందో, వెనక్కి పోతోందో తెలియలేదు. లిన్ కళ్ళెత్తి అడిగినట్టు చూశాడు. పెద్దమనిషి అంతగా అడుగుతుంటే తెలియలేదని ఎలా అంటాడు? తల ఊపాడు. ఇన్నాళ్ళూ తాను మరిచిపోయానని అనుకుంటున్నది అసలు తనకు ఎప్పుడూ తెలిసింది కాదు.

ఆ సంగతి తేలిపోయాక తేలికగా ఉండాలి. ఉండలేదు. కాళ్ళు యార్డంతా తిరగాలని తొందరపడ్డాయి. బస్సు స్టాపులో కూర్చోలేకపోయాడు. బస్సులో సీటు ఉన్నా నిలబడే వచ్చాడు.

అంజనమ్మ టమాటా తీగలను కట్టెలకు కట్టి అప్పుడే ఇంటికి వచ్చింది. వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

"ఏమిట్లా? ఎండ ఉండంగానే వచ్చినావే?"

"సోమవారం నుంచి గేటు కాడ పని. కూచునేదే."

ఆమె ముఖం విచ్చుకుంది. "మంచిదే కదా. నీడపట్టున ఉండొచ్చు. ఎన్ని దినాల నించి చెప్తాండాను ఆ దుమ్ము వద్దని." కుర్చీ సంగతి ఆమెకు తెలియదు. అతనికి చెప్పే ఓపిక లేదు.

కాళ్ళు కడుక్కుని వచ్చాడు. ఆమె తాంబూలం పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. అతను ఒక ఆకు తీసి, తొడిమ గిల్లి, వీపున సున్నం రాసి, వక్కపలుకు పెట్టి మడిచాడు. నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. మళ్ళీ పళ్ళెం అంచున పెట్టేశాడు.

"లేసినాక వేసుకుంటా. కొంచెం సేపు కూచుంటాను. పిలవొద్దు."

"ఎన్నడన్నా పిలిచినానా?"

గది తలుపు దగ్గరికి వేసుకున్నాడు. కూర్చున్నాడు. గుర్రప్ప కుర్చీ మనసులోకి వచ్చింది. పెచ్చు లేచిన పలక వచ్చింది. ఆ వంటగదిలో ఎవరో ఒకామె ఆ మూల మీద చెయ్యి ఆనించి, ఇదేంది ఇక్కడ అంటుంది. వినుత ఆదివారం వస్తుంది. ఎక్స్‌రే బీరువా వెనక ఉంది. ఊపిరి ఛాతీ ఎముక వెనక తట్టుకుంది. ముందుకా, వెనక్కా? తెలియదు. ఎప్పుడూ తెలియదు. సరే, నీ ఇష్టం అని పొట్టకే వదిలేశాడు. వీపు గోడకు ఆనింది. ఆనితే ఆననీ అనుకున్నాడు. కిటికీలోంచి ఎండ ముక్క ఒకటి మోకాలి మీదికి వచ్చింది. అది ఎంత నెమ్మదిగా కదులుతుందో చూద్దామనుకున్నాడు.

అంజనమ్మ బయట కూర్చుని అలసందలు ఒలుస్తోంది. తలుపు సందులోంచి కూతలు వినిపిస్తూనే ఉన్నాయి. ఆ కూతలు ఆమెకు అలవాటే. వాటి మధ్యే నిద్రపోతుంది. అవి కొంచెం సన్నబడ్డాయి. తర్వాత మధ్య మధ్య ఆగాయి. తర్వాత వినపడలేదు. ఆమె చేతులు ఆగాయి. తల పక్కకు వంచి విన్నది. ఏమీ లేదు. మంచి ఊపిరి చెవికి వినపడదని అతను ఎన్నిసార్లు చెప్పాడు! ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాయలు గలగలమనకుండా చేటను పక్కకు జరిపింది.

"అంజనమ్మా! ఓ అంజనమ్మా!" పక్కింటి మంజులమ్మ గట్టిగా పిలుస్తూ వచ్చింది. "మీ తట్ట ఇస్తావా, రేపు కోతకు..."

అంజనమ్మ పరుగున వెళ్ళి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగమ్మా! లోపల కూచున్నాడు."

"ఇంకా కూచున్నాడా? నీ మొగుడు సామియారై కొండెక్కిపోతాడు, చూస్తా ఉండు."

"పోనీలే. ఈ పొద్దు సిక్కినాదమ్మా ఆయనకు."

"ఏం సిక్కింది?"

"ఊపిరి."

మంజులమ్మ ఆమె ముఖం చూసింది. తట్టను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది. వీధిలో క్రికెట్ ఆడుతున్న పిల్లలను అంజనమ్మ చేత్తో దూరం పొమ్మంది. మోటారు వెయ్యాల్సిన వేళయింది. వెయ్యలేదు. పొయ్యి వెలిగించలేదు. పెళ్ళయినప్పటినుంచీ ఏ పనీ లేకుండా ఆమె తిన్నె మీద కూర్చున్న సాయంత్రం అదొక్కటే.

లోపల చీకటి పడుతోంది. లైటు వేస్తే ఉలిక్కిపడతాడని వెయ్యలేదు. ఒలవని అలసందలు చేటలో అలాగే ఉన్నాయి. కొంగుతో చేతులు తుడుచుకుని, తలుపు కొంచెం తోసి, గడప మీద నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. పిలవలేదు. దగ్గరికి వెళ్ళి, తట్టకూడదు కనుక, అతని పిడికిలి మీద తన చెయ్యి ఊరికే ఉంచింది. పిడికిలి చల్లబడి ఉంది.

మంజులమ్మ మళ్ళీ వచ్చి, వీధిలో వాళ్ళు వచ్చి, ఎవరో లైటు వేసేసరికి, తాంబూలం పళ్ళెం ఇంకా అక్కడే ఉంది. అంచున మడిచి పెట్టిన ఆకు అంచులు వాడి లోపలికి ముడుచుకుంటున్నాయి. మడత చివర బయటికి కనిపించే సున్నపు చార మాత్రం ఎండి, తెల్లగా, గట్టిపడింది.