వెయ్యికి రెండు

తప్పంతా ఫారంలో ఆ గడిదేనని మా బావమరిది అంటాడు. ఆ గడే లేకపోతే ఏ గొడవా ఉండేది కాదట. గడి ఏం చేస్తుందండీ, దాని మానాన అది ఖాళీగా పడి ఉంది. నింపింది నేను.

నేను కాటాలు బాగుచేస్తాను. కూరగాయల కొట్టు దగ్గర్నుంచి ఇనుప సామాను గోదాము దాకా ఎక్కడ తూకం తప్పినా మా వర్క్‌షాపుకి కబురొస్తుంది. సంచిలో తూకపు రాళ్లు వేసుకుని వెళ్తాను, ఒక్కొక్కటే పెట్టి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూస్తాను, సరిచేసి సీలు వేసి వస్తాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. "కొంచెం ఎక్కువ చూపించేలా తిప్పవయ్యా, నీ చెయ్యి తడుపుతాను" అన్న కొట్టువాళ్లు ఎందరో. ఒక్కడి మాటా వినలేదు. అందుకే మార్కెట్లో నాకు గ్రాముగారు అని పేరు పెట్టారు. వెక్కిరించడానికే పెట్టారు లెండి, నేను మాత్రం అదేదో బిరుదైనట్టు మోశాను. మా ఆవిడ మాత్రం, "మీ నిజాయితీని కూరలో వేసుకుని తిందామా?" అనేది. ఆవిడ రోజూ తెల్లారగట్ల నాలుగున్నరకే లేచి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడానికి పోతుంది. ఆవిరిలో నిలబడీ నిలబడీ ఆవిడ చేతులు ఎప్పుడూ ఉబ్బే ఉంటాయి.

మాకు ఒక్కతే కూతురు. పట్టిన పట్టు వదలదని చిన్నప్పటి నుంచీ పెంకి అనే పిలుస్తున్నాం. ఆ పెంకితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందని అడగకండి, ఇంట్లో అందరూ నావైపే చూస్తారు. ఆ పిల్ల యూనివర్సిటీ పరీక్ష రాసింది. వంతెనలు కట్టే ఇంజనీరింగులో సీటు తెచ్చుకుంది. వంతెన మీద లారీ పోతుంటే అది ఎంత కుంగుతుందో, ఎంతవరకు కుంగవచ్చో లెక్కగట్టే చదువట. "ఇదీ తూకమే కదా నాన్నా, నీ పనే నేనూ చేస్తాను" అంది. ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకు దాచుకోవాలి, చెమర్చాయి.

ఇక ఫీజు సంగతి. నాలుగేళ్ల ఫీజు మా ఇద్దరి తొమ్మిదేళ్ల జీతం. అయితే ఇంటి ఆదాయం ఏడాదికి ఒక పరిమితి లోపల ఉంటే ఫీజు మొత్తం మాఫీ. దాటితే మొత్తం కట్టాలి. సగం, పావు అనే బేరం లేదు. కట్టలేనివాళ్లకి బ్యాంకు లోను ఉండనే ఉంది.

లోను అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. మా బావమరిది కొడుకు అలాగే చదివాడు. చదువైపోయి పన్నెండేళ్లయింది. "వాడికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు కూడా ఊడింది బావా. అప్పు మాత్రం నవనవలాడుతూ ఉంది" అని మా బావమరిది నవ్వించేవాడు. నవ్వేవాళ్లం గానీ, ఆ కుర్రాడు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఫోను మోగితే ఉలిక్కిపడటం మేమందరం చూశాం. మా పెంకికి ఆ గతి పట్టకూడదని నేనూ మా ఆవిడా ఒట్టు పెట్టుకున్నాం. హాస్టలుకీ తిండికీ మాత్రం మేమే కూడబెట్టాలి కదా. దానికోసం పోయిన ఏడాదంతా ఆదివారాలు కూడా పనికి పోయాను. టోకు మార్కెట్లో తెల్లారగట్ల వెళ్లి బస్తాల కాటాలు సరిచూడటం, మధ్యాహ్నానికి చేతిలో నోట్లు పెట్టించుకుని రావడం. రసీదు లేదు, సంతకం లేదు.

ఫారం నింపే రోజున వంటింటి బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం. నా జీతం, మా ఆవిడ జీతం వేస్తే పరిమితికి లోపలే ఉన్నాం. ఆ కింద ఇంకో గడి ఉంది. ఇతర ఆదాయం.

"అది వదిలెయ్ బావా," అన్నాడు బావమరిది. "ఆదివారాల సంగతి నీకూ ఆ కూరగాయలకీ తప్ప ఎవరికీ తెలీదు."

"తెలియకపోతే లేనట్టా?" అన్నాను. కాగితం మీద లెక్క వేశాను. ఏడాది ఆదివారాలన్నీ కలిపితే పరిమితి దాటుతున్నాం. ఎంత దాటుతున్నామో తెలుసా? రెండు ఆదివారాల సంపాదన. మొత్తం మీద వెయ్యికి రెండు.

ఇక్కడే నా బుర్ర తన పని తాను చేసింది. మా పనిలో ఒక రూలుంది. ఏ కాటా అయినా అచ్చుగుద్దినట్టు తూచదు. క్వింటాలు తూచే కాటా రెండొందల గ్రాములు అటో ఇటో చూపిస్తే దాన్ని తప్పు కాటా అనం. సీలు వేసి పాస్ చేస్తాం. అలా చేయమని రూలు పుస్తకంలోనే ఉంది. అది కూడా వెయ్యికి రెండే. కాటాకే అంత మన్నింపు ఉన్నప్పుడు మనిషికి ఉండదా అనుకున్నాను.

"ఈమాత్రం తేడా ఎక్కడైనా పాసే. పైగా దాచుకోకుండా చెప్పామని వాళ్లే మెచ్చుకుంటారు," అన్నాను.

"అది కాటా కాదు బావా, కంప్యూటరు!"

"నువ్వు నోరుమూసుకోవోయ్. నీ సలహాలు వినే నీ కొడుకు బాగుపడ్డాడు."

ఆ మాట అనకూడదు. అనేశాను. పాపం, అతను తల వంచుకున్నాడు. మా ఆవిడ నా చేతిలో కలం పట్టుకుంది. "ఏవండీ, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను." "నాన్నా, రాయొద్దు. నాకు భయంగా ఉంది," అంది పెంకి మెల్లగా. అది ఏ విషయానికీ భయపడే పిల్ల కాదు. అప్పుడైనా నేను ఆగాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు, పిల్లకి బల్ల దగ్గరే నీతులు చెప్పాను. నిజం చెప్పినవాడు చెడిపోడు అన్నాను. గడి నింపాను. చాలదన్నట్టు తెల్లకాగితం మీద ఒక ఉత్తరం కూడా రాసి జత చేశాను. ఆదివారాల గురించి, నా అంతట నేనే చెప్పడం గురించి, కాటాల మన్నింపు గురించి, పేజీన్నర. దాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా. ఛీ.

నెలకి జవాబొచ్చింది. రెండు లైన్లు. ఆదాయం పరిమితి మించినందున అర్హత లేదు. ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఫలానా. తొమ్మిది రోజులుంది.

మర్నాడే వర్క్‌షాపులో సెలవు పెట్టి యూనివర్సిటీ ఆఫీసుకి పోయాను. టోకెను తీసుకుని రెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అద్దం వెనక ఉన్న గుమాస్తా మర్యాదస్తురాలే. నేను చెప్పిందంతా విన్నది. "ఉత్తరం జత చేశాను, చదివారా అమ్మా?" అని అడిగాను. తెరమీద వెతికింది. ఉత్తరం ఉందట, ఎవరూ తెరవలేదట.

"ఉత్తరాలు చదివేవాళ్లెవరూ ఉండరు సార్. అంకె చూసి కంప్యూటరే తేల్చేస్తుంది."

"వెయ్యికి రెండేనమ్మా. ఆమాత్రం పట్టువిడుపు లేదా?"

"లేదు సార్." గొంతు తగ్గించి, "ఎందుకు రాశారు సార్ అది? రాయకపోతే మాకు తెలిసేది కాదు," అంది.

"ఇప్పుడు ఆ అంకె కొట్టేస్తాను."

"సంతకం పెట్టేశారు కదా. ఇప్పుడు మారిస్తే తప్పుడు సమాచారం కింద వస్తుంది. పాపని అసలు చేరనివ్వరు."

వచ్చే ఏడాది చూద్దామన్నా దారి లేదు. ఆ పరీక్ష స్కూలు ముగించిన ఏడాదే రాయాలి, సీటు ఆ ఏడాదికే. ఇంటికొస్తూ బస్సులో లెక్కపెట్టుకున్నాను. ఏడాదిలో రెండు ఆదివారాలు కాళ్లు చాపుకుని పడుకుని ఉంటే నా కూతురు చదువుకునేది. ఒక ఆదివారం నాకు నూటొక్క జ్వరం. మా ఆవిడ వద్దంటున్నా వినకుండా వానలో తడుస్తూ పోయాను, పిల్ల చదువు కోసమని. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఎవరికి చెప్పుకోను?

ఇక ఒట్టు గట్టు మీద పెట్టాను. "లోనే తీసుకుందాం. నేను బతికున్నంత కాలం నేనే కడతాను," అన్నాను. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ సంచిలో వేసుకుని పెంకిని తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. లోన్ల ఆఫీసరు నా జీతం కాగితం, మా ఆవిడ జీతం కాగితం చూసి పెదవి విరిచాడు.

"హామీ ఉండటానికి మీ ఆదాయం చాలదండీ. ఇంకేమైనా సంపాదన ఉందా?"

"ఆదివారాలు పనికి పోతానండీ," అన్నాను ఆశగా.

"దానికి కాగితాలున్నాయా?"

"చేతికిస్తారండీ. కాగితమేమీ ఉండదు. కానీ యూనివర్సిటీవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఇదిగో చూడండి." వాళ్లిచ్చిన జవాబు తీసి బల్లమీద పెట్టాను.

అతను చదివి వెనక్కి తోశాడు. "కాగితం లేని ఆదాయం మాకు ఆదాయం కాదండీ."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకచోట ఆ ఆదివారాలు ఉన్నాయి కాబట్టి వద్దన్నారు. ఇంకోచోట అవే ఆదివారాలు లేవు కాబట్టి వద్దన్నారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. వేరే ఎవరితోనైనా హామీ సంతకం పెట్టించమన్నాడు. మాకున్నది ఒక్కడే బావమరిది. నోరుమూసుకోవోయ్ అన్న నోటితోనే వెళ్లి అడిగాను. "పెడతాను బావా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను," అన్నాడు ఆ మంచివాడు. అతని సంతకం చెల్లదన్నారు. అది కొడుకు అప్పు మీద ఇంకా ఉందట.

వర్క్‌షాపు యజమానిని అడిగాను. ఇద్దరు కొట్టువాళ్లని అడిగాను. "గ్రాముగారూ, మీ మీద గౌరవం ఉందండీ," అన్నారు అందరూ. గౌరవం ఉన్నవాళ్లెవరూ హామీ ఉండరని ఆ వారంలో నాకు తెలిసింది. ఏడాదిపాటు కూడబెట్టిన ఆదివారాల డబ్బు ఉంది కదా అంటారా? అది ఒక ఏడాది ఫీజులో పదో వంతు కూడా కాదు.

ఆఖరు రోజు సాయంత్రం అయిదింటికి గడువు. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా పిల్ల పక్కన కూర్చుంది. పెంకి ఫోను బల్లమీద పెట్టుకుని చూస్తోంది. నాలుగూ యాభైకి కూడా నేను ఎవరికో ఫోను చేస్తున్నాను. అతను ఎత్తలేదు. అయిదు దాటి ఒక్క నిమిషానికి తెరమీద పిల్ల పేరు పక్కన ఉన్న మాట మారిపోయింది. ఖాళీ అని వచ్చింది. ఆ సీటు ఇప్పుడు ఖాళీ.

పెంకి ఫోను బోర్లా పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండును, ఆ బల్ల ఎత్తి నా మీద వేసినా బాగుండును.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "నిజం రాస్తే మంచే జరుగుతుందనుకున్నాను."

"నువ్వు నిజం కోసం రాయలేదు నాన్నా." గొంతు పెంచలేదు. "నిజం కోసమైతే అంకె రాసి ఊరుకునేవాడివి. పేజీన్నర ఉత్తరం ఎందుకు రాశావు? అక్కడెవరో చదివి నిన్ను మెచ్చుకోవాలని. నేను రాయొద్దన్నాను. భయంగా ఉందన్నాను. నా సీటు నీ చేతిలో పెడితే, దాంతో నువ్వు పేరు కొనుక్కుందామనుకున్నావు."

"అదేంటే ఆ మాటలు, నాన్నతో అలాగేనా!" అంది మా ఆవిడ. గట్టిగా అనలేదు. నావైపు చూడనూ లేదు.

నా కూతురు అన్నదాంట్లో పిసరంత కూడా అబద్ధం లేదు.

పెంకి లేచి గ్లాసుతో నీళ్లు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. లాండ్రీలో ఒక పని ఖాళీ ఉందని మొన్న మా ఆవిడ చెప్పినప్పుడు విననట్టే ఊరుకున్న పిల్ల అది.

"అమ్మా, రేపు నన్ను కూడా నాలుగున్నరకి లేపు," అని లోపలికి వెళ్లింది.