దొర పటం

విశ్వకర్మ పూజ నాడు నింపురా రైల్వే కాలనీలోని పాత ఇంజన్ల షెడ్డులో యంత్రాలకి బొట్టు పెట్టాక, తెలుగువాళ్లు గోడమీది దొర పటానికీ పెడతారు. బొగ్గింజను పక్కన టోపీతో నిలబడ్డ ఆ తెల్లదొరే తమ తాతలకి పని ఇచ్చాడని వాళ్ల నమ్మకం. రైళ్లు ఆగినా ఫర్వాలేదు గానీ దొరకి దండ ఆగకూడదు! దండ వేసేది ఎప్పుడూ రిటైరైన ఫిట్టరు నూకయ్యే.

ఏళ్ల తరబడి సాంబ్రాణి పొగా, కుంకుమా, నూనే పట్టి పటం మసిబారిపోయింది. పాత బొమ్మలు బాగుచేసే చదువు చదివిన మనవరాలు కిరణ్మయికి దాన్ని శుభ్రం చేసే పని నూకయ్యే ఇప్పించాడు. పూజ రోజు పొద్దున, షెడ్డు పక్కగదిలో ఆఖరి మూల తుడుస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. దొర కాలు పెట్టింది రాయిమీద అనుకున్నారు అందరూ. రాయి కాదు. నేలకి చేతులు ఆనించి వంగిన మనిషి వీపు.

పూజ కమిటీ పెద్ద ఫణీంద్ర అది చూసి గబుక్కున తలుపు మూశాడు. "ఆ మూల నల్లరంగు పూసియ్యి. మీ తాత సూస్తే తట్టుకోనేడు."

ఉన్నది కప్పకూడదు, లేనిది చేర్చకూడదు అన్నది ఆమె చదువు. కప్పకపోతే, బతుకంతా ఆ బూటుకి దండేసిన ముసలాయన నలుగురిలో తలెత్తుకోలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుంచె నల్లరంగులో ముంచింది.

అప్పుడే తలుపు తోసుకుని నూకయ్య వచ్చాడు, చేతిలో బంతిపూల దండతో.

"ఏటి సేస్తన్నావమ్మీ?" అంటూ పటం వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. తాత ముఖం చూడలేక కిరణ్మయికి ఏడుపొచ్చింది.

"తాతా, ఇప్పుడే పూసేస్తాది," అన్నాడు ఫణీంద్ర.

"నువ్వూరుకో. అమ్మీ, ఆ వంగినోడి మొగం తుడు. ఎవులింటోడో సూద్దాం."

ఆమె మెల్లగా తుడిచింది. దొర బూటు తాళ్లు ముడులతో సహా బయటపడ్డాయి. వంగినవాడి తల దగ్గర మాత్రం ఉత్త మట్టిరంగు ముద్ద. కన్ను లేదు, ముక్కు లేదు.

"మొగం గియ్యనేదేటి?"

"లేదు తాతా."

బయట ఢాక్ డప్పులు మొదలయ్యాయి. జనం పటం కోసం కేకలేస్తున్నారు. నూకయ్య దండని బల్లమీద పడేసి, స్టూలు లాక్కుని కిటికీ వెలుగులో కూర్చున్నాడు.

"నన్ను సూసి గియ్యి."

"లేనిది చేర్చకూడదు తాతా."

"లేకపోడమేటే? ఈపున్నోడికి మొగం ఉండదేటి?"