ఇంటివైపు పాదాలు

"ఆదివారం కూడా ఆ గోడ దగ్గరికేనా? నాకు టిఫిను ఎవరు పెడతారు?" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేస్తున్న తన చొక్కా వైపే చూస్తూ. టిఫిను గిన్నెలో ఉందని, గిన్నె పొయ్యి పక్కనే ఉందని, పొయ్యి పన్నెండేళ్లుగా అక్కడే ఉందని చెప్పి చెప్పులేసుకున్నాను.

ఆ గోడ, యుద్ధంలో పోయిన మా జిల్లా సైనికుల స్మారకం. డిజైన్ నాది. ఆఫీసులో గీసేది నేనైనా సంతకం మా మేనేజరుది. ఇన్నాళ్లూ పోనీలే అనుకున్నాను. ఈ గోడ వేరు. దానిమీది ముప్పై ఒక్క పేర్లలో ఒకటి మా మేనమామది. అమ్మ వాళ్లు కొండ మనుషులు. మామ ఇరవై రెండేళ్లకే సరిహద్దులో చనిపోతే శవం కూడా రాలేదు. అమ్మమ్మ ఎర్రమట్టి తడిపి, వేలితో ఇంటి గోడ నిండా పాదాలు వేసింది. దూరాన పోయినవాళ్లకి తిరిగొచ్చే దారి తెలియాలని మా ఆడవాళ్లు అలా వేస్తారు. ఏడేళ్ల నేను మట్టి కలిపి ఇచ్చాను. ఆ పాదాలనే ఇప్పుడు పేర్ల చుట్టూ పరిచాను.

"ఆ అడవి బొమ్మలు తగ్గించి తుపాకీ పెద్దది చెయ్యమ్మా, గంభీరంగా ఉండాలి" అన్నాడు మేనేజరు మూడుసార్లు. మూడుసార్లూ "చూస్తాను సార్" అన్నాను. చూశాను, అంతే.

ఆ రోజు స్మారక కమిటీ పెద్ద, రిటైరైన కర్నలు, గోడ చూడ్డానికొచ్చాడు. "ఈ పాదాలు ఎటు వెళ్తున్నాయి?" అనడిగాడు.

"ముందుకే సార్, శత్రువు మీదికి!" అన్నాడు మేనేజరు ఠక్కున.

"కాదండీ, ఇంటికి" అన్నాను. అమ్మమ్మ సంగతంతా చెప్పాను.

ఆయన దగ్గరికెళ్లి ఒక పాదం మీద చెయ్యి ఆనించాడు. "నేనూ ముగ్గురు కుర్రాళ్లని అక్కడే వదిలేసి వచ్చాను" అన్నాడు. "ఇది గీసిందెవరు?"

"మా టీమంతా కలిసి..." మేనేజరు మొదలెట్టాడు.

"నేనేనండీ."

"ఒక్క పాదం కూడా కదపొద్దు. కింద ఈమె పేరు చెక్కించండి."

ఇంట్లో చెప్పగానే మా ఆయన ఫోన్ అందుకున్నాడు, అందరికీ కబురు చెప్పడానికి. "మన ఇంటిపేరుతో వేయించు" అన్నాడు. అత్తయ్య నా భుజం నిమిరింది. "మీ అమ్మ వాళ్ల సంగతి మాత్రం బయటపెట్టకు తల్లీ. చుట్టాలకి మీది పట్నమనే చెప్పాం కదా." పెళ్లైన కొత్తలోనూ ఇదే మాట అంటే బుద్ధిగా తలూపాను. అది గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గేసింది.

మర్నాడు రాయి చెక్కే పెద్దాయన కాగితం, పెన్సిలు ఇచ్చాడు. నా పేరు రాశాను. పక్కన, ఇంటిపేరు ఉండాల్సిన చోట, అమ్మ వాళ్ల తెగ పేరు రాశాను. తప్పు రాకూడదని ఒక్కో అక్షరం విడివిడిగా, పెద్దగా.

ఆయన కూడబలుక్కుని చదివాడు. "ఇది మీ ఇంటిపేరా అమ్మా?"

"అవును పెద్దాయనా, మాదే. కాస్త లోతుగా చెక్కు."